పాట తగ్గితేనే మాట వినిపిస్తుంది: ఒక జిమ్ హాలు సౌండ్ లెక్క

టోలిచౌకి మెయిన్ రోడ్డు మీద తలెత్తి చూస్తే చాలా బిల్డింగులు ఒకేలా కనిపిస్తాయి. కింద బిర్యానీ హోటలో మొబైల్ షాపో, దాని మీద జిమ్మో జుంబా స్టూడియోనో, ఆ పైన కుటుంబాలు. సాయంత్రం బ్యాచ్ మొదలైందంటే మధ్య అంతస్తులో తీన్మార్ దరువు అందుకుంటుంది. అప్పుడు మూడు రకాల ఫిర్యాదులు వస్తాయి. స్పీకర్ పక్కన నిలబడ్డవాడు "భాయ్, ఆవాజ్ జర కమ్ కరో" అంటాడు. వెనక వరుసలో ఉన్నామె "అక్కా, మీరు చెప్పేది ఏమీ వినిపించట్లేదు" అంటుంది. పై అంతస్తు పెద్దాయన మెట్లు దిగొచ్చి "బాబూ, మా మంచం అదురుతోంది" అంటాడు.

ఈ ముగ్గురికీ స్టూడియో వాళ్ల దగ్గర ఉండే మందు ఒక్కటే, వాల్యూమ్ నాబ్. తగ్గిస్తే వెనకామెకు ఇంకా వినిపించదు. పెంచితే పెద్దాయన మళ్లీ దిగొస్తాడు. నిజానికి ఇవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకటి దూరం వల్ల, ఒకటి పాటకీ మాటకీ మధ్య పోటీ వల్ల, ఒకటి స్లాబ్ వల్ల వచ్చింది. దేని మందు దానికే వెయ్యాలి.

ఇదంతా ఎందుకంటారా? మనం జిమ్‌కి రోజుకో గంట వెళ్లి వచ్చేస్తాం. ట్రైనర్ అదే హాల్లో రోజుకి నాలుగైదు బ్యాచ్‌లు నడుపుతారు. పాట మీద గొంతు చించుకుని అరిచేది వాళ్లు, ఆ చప్పుడంతా చెవుల్లో నింపుకునేది కూడా వాళ్లే. గొంతు బొంగురుపోతే నాలుగు రోజుల్లో తేరుకోవచ్చు. లోపలి చెవిలో ధ్వనిని పట్టే రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు. కాబట్టి నేను ఈ పాఠంలో ట్రైనర్ చెవినే కొలబద్దగా పెట్టుకుని లెక్క చేస్తాను. మన సిలబస్‌లో ఉన్న లాగరిథమ్ తప్ప పెద్ద గణితం అక్కర్లేదు.

డెసిబెల్ కూడికలు వేరు

డెసిబెల్‌లో ఉన్న "బెల్" టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరే. ఇది లాగరిథమ్ కొలత కాబట్టి మామూలు కూడికలు ఇక్కడ పనిచేయవు. 80 డెసిబెల్ చప్పుడు చేసే స్పీకర్లు రెండు పెడితే 160 రాదు, 83 వస్తుంది. శక్తి రెట్టింపైతే 3 డెసిబెల్, పదింతలైతే 10 డెసిబెల్ పెరుగుతుంది. మన చెవికి మాత్రం 10 డెసిబెల్ పెరిగితేనే సుమారుగా "రెట్టింపు గట్టిగా ఉంది" అనిపిస్తుంది.

దీన్ని షాపు భాషలోకి మార్చి చూడండి. 100 వాట్ల యాంప్ తీసేసి 200 వాట్లది కొంటే మీకు దక్కేది 3 డెసిబెల్. తేడా తెలుస్తుంది, అంతే. అవే స్పీకర్లతో రెట్టింపు గట్టిగా వినిపించాలంటే 1000 వాట్లు కావాలి. అంటే "వినిపించట్లేదు" అన్న ప్రతిసారీ పెద్ద యాంప్ కొనడం డబ్బు దండగ. పైగా ఆ స్పీకర్లు అంత శక్తిని తట్టుకోవాలి కూడా.

ఇంకో లెక్క గుర్తుపెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది. 85 డెసిబెల్ మాటకి 75 డెసిబెల్ పాట కలిపితే మొత్తం 85.4. పెద్ద చప్పుడు పక్కన చిన్న చప్పుడు మొత్తాన్ని దాదాపు కదిలించదు.

ముందు వరుస, వెనక వరుస

ఆరుబయట ధ్వని దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ పడిపోతుంది. ఒక హాలు ఊహించుకుందాం. పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు, ఎత్తు మూడున్నర మీటర్లు. స్పీకర్లు ముందు గోడకి ఉన్నాయి. ముందు వరుస 2 మీటర్ల దూరంలో, వెనక వరుస 10 మీటర్ల దూరంలో ఉంటే, స్పీకర్ నుంచి నేరుగా వచ్చే ధ్వనిలో ఆ రెండింటి మధ్య తేడా 14 డెసిబెల్. ముందువాళ్ల చెవులు హోరెత్తుతుంటే వెనకవాళ్లకి అందులో ఇరవై ఐదో వంతు శక్తి మాత్రమే నేరుగా అందుతుంది.

గది గోడలు కొంత ధ్వనిని తిప్పి పంపిస్తాయి కాబట్టి మీటర్ పెట్టి చూస్తే తేడా అంత కనిపించదు. కానీ వెనకవాళ్లకి చేరేది ఎక్కువగా ఆ తిరిగొచ్చిన ధ్వనే, అంటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిన గజిబిజి. చప్పుడు బాగానే వినిపిస్తుంది, మాటే అర్థం కాదు.

మందు ఏంటంటే, రెండు పెద్ద స్పీకర్ల బదులు నాలుగు చిన్నవి పెట్టాలి. వాటిని హాలు పొడవునా పంచి, తల కన్నా పైన బిగించి, మనుషుల వైపు కిందికి వంచాలి. అప్పుడు ఎవరికైనా దగ్గర్లో ఒక స్పీకర్ ఉంటుంది కాబట్టి ఏ ఒక్కటీ అరవాల్సిన పని లేదు.

ఇక్కడికి దగ్గర్లోనే గోల్కొండ కోట ఉంది. కింద ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన పైన బాలాహిస్సార్ దగ్గర వినిపించడం మనలో చాలామంది స్కూల్ టూర్‌లోనే చూశాం. అక్కడ కట్టినవాళ్ల అవసరం వేరు. కిందికి ఎవరో వచ్చారన్న కబురు పైన ఒక్కచోటికి చేరాలి. చప్పట్లు కాబట్టి మాట స్పష్టత అవసరం లేదు. జిమ్‌లో అవసరం దీనికి ఎదురు. చప్పుడు ఎక్కడా పోగుపడకుండా అందరికీ సమానంగా అందాలి, పైగా మాట అర్థం కావాలి. "మా స్పీకర్ సౌండ్ గల్లీ చివరిదాకా వినిపిస్తుంది" అనేది కోటకి పనికొచ్చే గొప్ప, స్టూడియోకి కాదు.

అద్దాల గది

జిమ్ హాలంటే ఒకవైపు నిలువెత్తు అద్దాలు, ఇంకోవైపు గాజు కిటికీలు, పైన సిమెంటు స్లాబ్. ఇవన్నీ ధ్వనిని పీల్చుకోకుండా తిప్పికొట్టేవే. ఒక గదిలో ధ్వని ఎంతసేపు మోగుతుందో మొదట లెక్క కట్టినాయన హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పిన వాలెస్ సబీన్. 1895లో ఆ యూనివర్సిటీలో కొత్త లెక్చర్ హాల్లో పాఠం వినపడట్లేదంటే, పక్క థియేటర్ నుంచి సీట్ల మెత్తలు తెచ్చి, పేరుస్తూ తీస్తూ కొలిచాడు. ఆయన సూత్రం చాలా తేలిక. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే ధ్వని 60 డెసిబెల్ పడిపోవడానికి పట్టే సెకన్లు వస్తాయి.

మన హాలు ఘనపరిమాణం 336 ఘనమీటర్లు. ఖాళీ గోడలు, అద్దాలు, నేల అన్నీ కలిపి శోషణ 20 చదరపు మీటర్లకి సమానం అనుకుందాం. ఇరవైమంది మనుషులు ఇంకో 10 పీల్చుకుంటారు అనుకుంటే మొత్తం 30. మోత 1.8 సెకన్లు వస్తుంది. ఆ టైంలో ట్రైనర్ నాలుగైదు పదాలు అనేస్తారు. మొదటి పదం తోక నాలుగో పదం మీద పడుతుంది.

ఇప్పుడు సీలింగ్‌కి 60 చదరపు మీటర్ల అకౌస్టిక్ ప్యానెల్ వేశాం అనుకోండి. శోషణ సుమారు 74కి పెరుగుతుంది, మోత 0.7 సెకన్లకి పడిపోతుంది. గదిలో తిరుగాడే చప్పుడు కూడా దాదాపు 4 డెసిబెల్ తగ్గుతుంది. ఏ నాబూ ముట్టుకోకుండానే మాట తేటపడుతుంది. ప్యానెళ్లకి డబ్బుల్లేకపోతే కిటికీలకి మందం కర్టెన్లు, వెనక గోడకి మెత్తటి చాపలు కూడా కొంత పనిచేస్తాయి. అయితే ఒక సంగతి. గుడ్ల ట్రేలు అంటిస్తే సౌండ్ ఆగుతుందనేది ఉత్త నమ్మకం. పల్చటి అట్ట పెద్దగా ఏమీ పీల్చుకోదు, నిప్పు మాత్రం తొందరగా అంటుకుంటుంది.

ఫోన్ నుంచి స్పీకర్ దాకా

ఇక నాబ్‌ల సంగతి. పాట ఫోన్‌లో పుట్టి, మిక్సర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి యాంప్‌కి, ఆ తర్వాత స్పీకర్‌కి చేరుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక నాబ్ ఉంటుంది. దాన్ని ఇంటికొచ్చే నీటి పైపులా ఊహించుకోండి. పైన వాల్వ్ సగం మూసేసి కింద మోటార్ ఫుల్‌గా పెడితే నీళ్ల కన్నా గాలే ఎక్కువ వస్తుంది. అలాగే ఫోన్ వాల్యూమ్ తక్కువగా ఉంచి యాంప్ ఫుల్‌గా తిప్పితే పాటతో పాటు "సుయ్" మనే సొద కూడా పెరుగుతుంది. ఎదురు తప్పు ఇంకోటి. మిక్సర్‌లో ఎర్ర లైటు వెలుగుతున్నా పట్టించుకోకుండా యాంప్ తగ్గించడం. అప్పటికే తరంగం తలలు తెగిపోయాయి. తర్వాత ఎంత తగ్గించినా ఆ గరగర పోదు. చెవికి అలసట తెచ్చేది చాలాసార్లు ఈ గరగరే.

వరుస ఇలా ఉండాలి. యాంప్ పూర్తిగా తగ్గించాలి. ఫోన్‌ని ఫుల్‌కి కాస్త ఇవతల పెట్టాలి. మిక్సర్‌లో గెయిన్‌ని, అతి గట్టి పాట వచ్చినప్పుడు కూడా ఎర్ర లైటు రాకుండా, మీటర్ సున్నా దగ్గర ఆడేలా సర్దాలి. అన్నిటికన్నా చివర యాంప్‌ని మెల్లగా పెంచుతూ, హాల్లో మీటర్ చెప్పినచోట ఆపాలి. ఆ తర్వాత యాంప్ నాబ్ మీద టేప్ అంటించేయండి. రోజూ ముట్టుకోవాల్సింది మిక్సర్ ఫేడర్లు మాత్రమే.

పాతకాలం పాట తర్వాత ఇప్పటి పాట పెడితే ఒక్కసారిగా ఉలిక్కిపడతాం కదా, ఎందుకంటే కొత్త పాటల్ని గట్టిగా నొక్కి రికార్డు చేస్తారు. మ్యూజిక్ యాప్ సెట్టింగుల్లో నార్మలైజేషన్ ఆన్ చేస్తే అన్ని పాటలూ ఇంచుమించు ఒకే మట్టానికి వస్తాయి.

సాగండి అన్నారా, ఆగండి అన్నారా?

ఇప్పుడు అసలు విషయం. మన తెలుగు క్లబ్ మ్యాగజైన్ కాబట్టి తెలుగు మాటలతోనే చూద్దాం. ట్రైనర్ "సాగండి" అన్నారు. ఆ మాటలో "స" అనే ఊష్మం బలమంతా ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది. అది తాళాల చప్పుడులో కలిసిపోతే మిగిలేది "ఆగండి". కండరం చాచాల్సినవాడు ఆగిపోతాడు. అలాగే "ఎత్తు", "ఒత్తు". రెండూ జిమ్‌లో రోజూ వినే మాటలే. ఎ-కారానికీ ఒ-కారానికీ తేడా తెలిపే రెండో అనునాదం ఎ-కి 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల, ఒ-కి 1000 దగ్గర ఉంటుంది. సరిగ్గా అక్కడే గిటార్లు, సింథ్‌లు, పాడేవాళ్ల గొంతులు తిష్ట వేసుకుని కూర్చుంటాయి. బరువు చేతిలో ఉన్నవాడికి ఈ తేడా తెలియకపోతే నడుం పట్టేసే ప్రమాదం ఉంది.

పాట హోరులో మాట హాయిగా అర్థం కావాలంటే మాట కనీసం 10 డెసిబెల్ పైన ఉండటం మంచిది. ఇక్కడే రెండు దారులు చీలుతాయి.

మొదటి దారి: పాట 82 దగ్గర ఉంది, మైక్‌ని 92కి పెంచాం. మొత్తం 92.4.

రెండో దారి: ట్రైనర్ మాట్లాడేటప్పుడు పాటని 74కి దించాం, మైక్ 84 దగ్గర ఉంది. మొత్తం 84.4.

రెండు దారుల్లోనూ మాట స్పష్టత ఇంచుమించు ఒకటే, ఎందుకంటే తేడా అదే 10. కానీ చెవి మీద పడే శక్తి రెండో దారిలో ఆరో వంతు. వినిపించడం అనేది ఎంత గట్టిగా అన్నదాని మీద కాక, ఎంత తేడా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

ఈ పని పక్కనే ఉన్న ఫిల్మ్ నగర్, జూబ్లీ హిల్స్ వాళ్లకి కొట్టిన పిండి. సినిమా ఫైనల్ మిక్సింగ్‌లో డైలాగులు, నేపథ్య సంగీతం, ఎఫెక్టులు వేర్వేరు ట్రాకులుగా ఉంటాయి. హీరో నోరు విప్పగానే మ్యూజిక్‌ని కిందికి దింపుతారు, మాట అయిపోగానే లేపుతారు. థియేటర్లో మనకి ఆ దింపడం తెలియనే తెలియదు. ఇంకో మంచి అలవాటు కూడా ఉంది. మిక్సింగ్ థియేటర్లో ముందుగా ఒక ప్రామాణిక శబ్దాన్ని వినిపించి, ప్రతి ముందు స్పీకర్నీ 85 డెసిబెల్‌కి సర్దుకున్నాకే పని మొదలుపెడతారు. చెవి అలసిపోయినా కొలత మారకూడదని.

మన స్టూడియోలో ఈ దింపుడు పని చెయ్యడానికి మనిషి అక్కర్లేదు. చాలా మిక్సర్లలో "డకింగ్" అనే ఏర్పాటు ఉంటుంది. మైక్‌లో మాట రాగానే పాట దానంతటదే 8 డెసిబెల్ తగ్గి, మాట ఆగాక అర సెకనులో పైకి వస్తుంది. అది లేకపోయినా పాట ఈక్వలైజర్‌లో 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్ తగ్గిస్తే మాటకి చోటు దొరుకుతుంది. మైక్‌లో 120 హెర్ట్జ్ కింద కోసేస్తే ఊపిరి దబదబలు పోతాయి.

మైక్ కీచుమనడానికి కారణం స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకే దూరడం. గెయిన్ తగ్గించే ముందు మైక్ ఎక్కడుందో చూడండి. నోటికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైక్‌ని 5 సెంటీమీటర్లకి తెస్తే ఊరికే 12 డెసిబెల్ కలిసొస్తుంది. హెడ్‌సెట్ మైక్ గడ్డం కిందికి జారిపోకుండా నోటి కొసన ఉండాలి. ట్రైనర్ స్పీకర్ ఎదురుగా కాకుండా దాని వెనకపక్కన నిలబడాలి.

చెవి ఖాతా

అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే నియాష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్ చప్పుడులో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్‌కీ టైం సగమైపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక్క గంట, 100కి 15 నిమిషాలు.

94 దగ్గర నడిచే క్లాసుకి మనం ఒక గంట వెళ్తే ఆ రోజు కోటా అక్కడికే సరి. బయటికొచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అప్పు మొదలైనట్టే. అదే హాల్లో అయిదు బ్యాచ్‌లు చేసే ట్రైనర్ రోజూ కోటాకి అయిదింతలు వాడేస్తున్నారు. అయిదు గంటలు సరిగ్గా సరిపోయే మట్టం ఎంత అని వెనక్కి లెక్క కడితే 87 వస్తుంది. అందుకే సగటు 85 దాటకుండా పెట్టుకోమని నేనంటాను. కాస్త ఎక్కువ తక్కువైనా 87 లోపు ఉంటుంది. వార్మప్, కూల్‌డౌన్ 75 దగ్గర నడిపితే సగటు ఇంకా దిగుతుంది.

"అంత తక్కువైతే ఊపు రాదన్నా" అంటారు కొందరు. ఊపు తెచ్చేది చప్పుడొక్కటే కాదు, టెంపో కూడా. నిమిషానికి 120 నుంచి 140 దెబ్బలున్న పాట 82 దగ్గర కూడా కాళ్లని కదిలిస్తుంది.

పెద్దాయన మంచం

పైకి వెళ్లేది పాట కాదు, బేస్. సబ్‌వూఫర్‌ని నేరుగా నేల మీద, అందులోనూ మూలన పెడితే రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ని ఇంకా పెంచుతాయి. అదురు స్లాబ్‌లోకి దిగి, స్తంభాల గుండా పైకి పాకుతుంది. దీనికి కర్టెన్లు, ప్యానెళ్లు పనికిరావు. సబ్‌ని మూల నుంచి జరపాలి, కింద మందపాటి రబ్బరు దిమ్మలు వెయ్యాలి, 50 హెర్ట్జ్ కింద కోసెయ్యాలి.

ఇక్కడ మీటర్ కూడా మోసం చేస్తుంది. మామూలుగా కొలిచే ఏ-వెయిటింగ్‌లో 63 హెర్ట్జ్ శబ్దం 26 డెసిబెల్ తక్కువగా చూపిస్తుంది. బేస్ సంగతి చూడాలంటే మీటర్‌ని సీ-వెయిటింగ్‌కి మార్చాలి. చిన్న శబ్దాల దగ్గర చెవికి బేస్ సరిగా ఆనదని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. వాల్యూమ్ తగ్గించగానే బేస్ నాబ్ మీదికి చెయ్యి పోయేది అందుకే. ఆ చేతిని కాస్త ఆపుకోవాలి.

చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. ప్రైవేటు స్థలంలోని సౌండ్ సిస్టమ్ తన సరిహద్దు దగ్గర ఈ మట్టాన్ని 5 డెసిబెల్ కన్నా మించకూడదు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. అంటే అయిదున్నర బ్యాచ్ మనకి పొద్దున్నే గానీ చట్టానికి ఇంకా రాత్రే. ఆ బ్యాచ్‌కి సబ్ ఆపేయడం మంచిది.

ఒక ఆదివారం పని

స్టూడియో ఖాళీగా ఉన్న పూట ఇలా చేయండి.

1. ముందు స్పీకర్లు, సబ్ ఎక్కడుండాలో తేల్చుకుని జరపండి. నాబ్‌లు తర్వాత.

2. పింక్ నాయిస్ వెయ్యండి. ప్రతి ఆక్టేవ్‌లోనూ సమాన శక్తి ఉండే "హుష్" మనే శబ్దం అది. పాటలా ఎగుడుదిగుడులు ఉండవు కాబట్టి కొలవడానికి వీలు.

3. హాల్లో తొమ్మిది చోట్ల, చెవి ఎత్తులో కొలవండి. ఐఫోన్ ఉంటే నియాష్ వాళ్ల ఉచిత సౌండ్ మీటర్ యాప్ ఉంది. మిగతా ఫోన్లలో అంకె మీద పూర్తి నమ్మకం పెట్టుకోకపోయినా, ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా చూడటానికి పనికొస్తుంది.

4. తొమ్మిది చోట్లా తేడా 6 డెసిబెల్ లోపు వచ్చేదాకా ఒక్కో స్పీకర్ మట్టం సర్దండి.

5. ఫోన్, మిక్సర్, యాంప్ పైన చెప్పిన వరుసలో పెట్టి, పాట 82 దగ్గర ఆపండి.

6. మైక్ ఆన్ చేసి, డకింగ్ పెట్టండి. ఒకరిని వెనక గోడ దగ్గర నిలబెట్టి "సాగండి, ఆగండి, ఎత్తు, ఒత్తు" వరుస మార్చి చదవండి. విన్నది విన్నట్టు వాళ్లు రాసుకోవాలి. పది మాటల్లో రెండు తప్పినా పాటని ఇంకో 2 డెసిబెల్ దింపండి.

7. చివరగా పై అంతస్తుకి వెళ్లి తలుపు కొట్టి, "తాతా, ఇప్పుడెలా ఉంది?" అని అడగండి. ఆయన ఒప్పుకున్నాక లిమిటర్‌ని అక్కడే బిగించి, ఫేడర్ల ఫోటో తీసి గోడకి అంటించండి.

మీలో ఎవరైనా జిమ్‌కి వెళ్తుంటే ఆరో పని ఒక్కటైనా మీ ట్రైనర్‌తో కలిసి చేసి చూడండి. పది మాటలు, ఒక కాగితం, పావుగంట చాలు.